గోడ వదిలి నాలుగడుగులు వెయ్యాలంటే తై చీ పనికొస్తుందా?

ప్రశ్న: నాకు 68 ఏళ్ళండి. నాలుగు నెలల క్రితం బాత్‌రూం గుమ్మం దగ్గర పడ్డాను. ఎముకైతే విరగలేదు గానీ అప్పట్నుంచి గోడో కుర్చీయో పట్టుకోకుండా నడవలేకపోతున్నా, బయటికి వెళ్ళడం దాదాపు మానేశా. మేముండే చోట కమ్యూనిటీ హాల్లో పెద్దవాళ్ళకి తై చీ (నెమ్మదిగా కదులుతూ చేసే చైనా వ్యాయామం) క్లాసులు మొదలుపెడుతున్నారు, వారానికి రెండు రోజులు. మా అమ్మాయి వెళ్ళమని ఒకటే గోల. మా వారేమో "ఈ వయసులో కుంగ్‌ఫూ ఏంటి, మళ్ళీ పడితే ఎలా, జాగ్రత్తగా ఇంట్లో ఉండు" అంటారు. నాకు మోకాళ్ళ నొప్పులున్నాయి. బీపీ మాత్ర, రాత్రిపూట నిద్ర మాత్ర వేసుకుంటా. పొద్దున లేచేటప్పుడు ఒక్కోసారి కళ్ళు తిరుగుతాయి. క్లాసుకి వెళ్ళాలా, వీడియోలు చూసి ఇంట్లోనే చేసుకోవచ్చా, లేక రోజూ కాసేపు నడిస్తే చాలా?

సమాధానం:

అమ్మా, వెళ్ళండి. కానీ క్లాసుకి వెళ్ళే ముందు డాక్టర్ దగ్గరికి ఒకసారి వెళ్ళి రండి, ఎందుకో తర్వాత చెప్తా, మీరు రాసిన వాటిలో నన్ను ఆపేసిన మాట ఆ పొద్దున్న కళ్ళు తిరగడం. అది తేల్చుకున్నాక మాత్రం వెనకాడకండి.

ముందు మీ వారి మాట గురించి మాట్లాడుకుందాం, ఎందుకంటే ఆయన చెప్పింది ప్రేమతోనే, మన ఇళ్ళల్లో చాలామంది చెప్పేది కూడా అదే. పడ్డారు కాబట్టి ఇక కదలకుండా ఉండండి అని. నేను ఫిజియోథెరపీ చేస్తాను, పడ్డాక నా దగ్గరికి వచ్చేవాళ్ళల్లో ఎక్కువమందిది ఇదే కథ, మొదటిసారి పడ్డప్పుడు పెద్ద దెబ్బేమీ తగలదు, కానీ ఆ భయంతో నడక తగ్గిస్తారు, మెట్లు మానేస్తారు, బరువు ఎత్తరు, ఆరేడు నెలలు తిరిగేసరికి తొడల్లో బలం పోతుంది, చీలమండల దగ్గర కీలు బిగుసుకుపోతుంది, అప్పుడు పడతారు అసలు పడడం. మొదటిసారి పడ్డది గుమ్మం వల్ల అయితే రెండోసారి పడేది ఆ జాగ్రత్త వల్ల. ఇది నేను మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పట్లేదు, మీరు ఇంకా నాలుగో నెలలోనే ఉన్నారు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

అసలు మనం నిలబడగలగడం వెనక ఏం జరుగుతుందో కొంచెం చూస్తే మీకే అర్థమవుతుంది. మెదడుకి మూడు చోట్ల నుంచి కబుర్లు వస్తుంటాయి. కళ్ళు ఒకటి. లోపలి చెవిలో తల ఎటు వంగింది ఎటు తిరిగింది అని చెప్పే చిన్న భాగం ఒకటి. అరికాళ్ళు, చీలమండలు, మోకాళ్ళు, నడుము, ఇవన్నీ కలిపి నేల ఎలా ఉంది బరువు ఎక్కడ ఉంది అని చెప్పేది మూడోది. వయసుతో ఈ మూడూ కొంచెం కొంచెం మొద్దుబారతాయి, షుగర్ ఉంటే అరికాళ్ళ కబురు ఇంకా తగ్గుతుంది, శుక్లాలుంటే కళ్ళ కబురు తగ్గుతుంది. కబురు వచ్చాక చెయ్యాల్సిన పని కూడా ఉంది కదా, ఒళ్ళు కొంచెం తూలితే చీలమండలతో సర్దుకుంటాం, ఇంకొంచెం ఎక్కువ తూలితే నడుముతో, అదీ చాలకపోతే గబుక్కున ఒక అడుగు వేస్తాం. ఆ అడుగు టైముకి పడితే మనం పడం. అంతే తేడా. తూలడం అందరూ తూలుతారు, పాతికేళ్ళ పిల్ల కూడా తూలుతుంది, ఆమె కాలు టైముకి పడుతుంది.

ఇప్పుడు మీరు గోడ పట్టుకుని నడుస్తున్నారు, ఒళ్ళంతా బిగించి, కళ్ళు నేల మీద పెట్టి. అలా నడిచినప్పుడు చీలమండలకి సర్దుకునే పని ఉండదు, తల కదలదు కాబట్టి చెవికి పని ఉండదు, బరువు కొంత చేతి మీదికి పోతుంది కాబట్టి కాళ్ళకి పూర్తి పని ఉండదు. మూడు పనులూ మానేసినట్టే. ఇంకో చిన్న సంగతి చెప్తా, ఇది తెలిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు, గోడ మీద బరువు వెయ్యక్కర్లేదు, వేలి కొసతో ఊరికే తాకినా చాలు, ఒళ్ళు ఊగడం తగ్గుతుంది, ఎందుకంటే ఆ వేలు కూడా మెదడుకి కబురు పంపిస్తుంది. కాబట్టి రేపట్నుంచే అరచెయ్యి తీసి రెండు వేళ్ళు, అది అలవాటయ్యాక ఒక వేలు, ఆ తర్వాత వేలికీ గోడకీ మధ్య కొంచెం సందు, అలా గోడని మెల్లగా వదిలించుకోవచ్చు. ఇది క్లాసు మొదలయ్యే లోపు మీరు చేసుకోగల పని.

ఇక తై చీ సంగతి. మీ వారు కుంగ్‌ఫూ అన్నారు కదా, ఆయన మరీ తప్పేమీ అనలేదు. ఇది పుట్టుకతో యుద్ధవిద్యే, చైనాలో హెనాన్ రాష్ట్రంలో చెన్ వంశం వాళ్ళ ఊళ్ళో 17వ శతాబ్దంలో మొదలైందని చెప్తారు, తర్వాత యాంగ్, వు, సున్ అని ఒక్కో కుటుంబం పేరు మీద ఒక్కో శైలి వచ్చింది. 1956లో అక్కడి క్రీడల శాఖ యాంగ్ శైలి నుంచి కొన్ని కదలికలు ఏరి, 24 భంగిమలతో అందరూ నేర్చుకోగలిగే చిన్న వరస తయారుచేసింది, ఇవాళ ప్రపంచమంతా పార్కుల్లో హాళ్ళల్లో ఎక్కువగా కనిపించేది అదే. 2020లో యునెస్కో కూడా దీన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. కానీ క్లాసులో మీరెవరితోనూ కొట్లాడరు, గెంతడం ఎగరడం ఏమీ ఉండదు, చెయ్యి ఎంత నెమ్మదిగా లేస్తుందంటే పక్కనుంచి చూసేవాళ్ళకి విసుగొస్తుంది. యుద్ధవిద్య కాబట్టే ఇందులో బ్యాలెన్స్ మీద అంత శ్రద్ధ పెట్టారు, ఎదుటివాడు తోసినా పడకూడదు కదా, ఆ కాలం వాళ్ళకి అవసరమైంది అదే, ఇప్పుడు మీకు అవసరమైందీ అదే.

మామూలు నడకకీ తై చీ అడుగుకీ తేడా ఏంటో ఇక్కడ కాస్త ఆగి చెప్తాను, నా దృష్టిలో మొత్తం విషయం ఇందులోనే ఉంది. మామూలుగా నడిచేటప్పుడు మనం ఒళ్ళు ముందుకి వేసేస్తాం, పడబోయే లోపు కాలు వెళ్ళి పట్టుకుంటుంది, అలా పడుతూ పట్టుకుంటూ పోతాం, ఊపు మనల్ని మోస్తుంది. అందుకే కాలు అనుకున్న చోట పడకపోతే, గుమ్మం తగిలినా, నేల తడిగా ఉన్నా, వెనక్కి తీసుకునే అవకాశం ఉండదు, బరువు అప్పటికే వెళ్ళిపోయింది. తై చీలో ముందు బరువంతా ఒక కాలి మీదికి తెచ్చుకుంటారు, దాన్ని నిండు కాలు అంటారు, రెండోది ఖాళీ కాలు. ఖాళీ కాలిని మెల్లగా ముందుకి పెట్టి మడమ మాత్రం ఆనిస్తారు, ఇంకా బరువు వెయ్యరు, ఆ క్షణంలో ఎవరైనా ఆగమంటే ఆ కాలు వెనక్కి తీసుకోగలగాలి, అలా తీసుకోగలిగితేనే అడుగు సరిగ్గా పడినట్టు. అప్పుడు బిందెలోంచి బిందెలోకి నీళ్ళు ఒంపినట్టు బరువు మెల్లమెల్లగా అటు ఒంపుతారు. గంట సేపు ఇదే పని. ముందుకి, పక్కకి, వెనక్కి. నెమ్మదిగా చెయ్యడం సుఖంగా ఉంటుందనుకుంటారు గానీ కాదమ్మా, ఊపు లేకపోయేసరికి ఒక్కో తొడ ఒళ్ళంతటి బరువూ నాలుగైదు సెకన్లు మొయ్యాలి, మొదటి వారం తొడలు పట్టేస్తాయి, అది మంచిదే.

మీరు బాత్‌రూం గుమ్మం దగ్గర పడ్డానన్నారు కదా, ఆ గుమ్మం మీదుగా కాలు పెట్టడం అచ్చం ఇదే అడుగు. కాలు ముందు పెట్టడం, నేల సంగతి తెలుసుకోవడం, ఆ తర్వాతే బరువు.

ఇంకా ఒక్కో కదలికలో ఒక్కో పని దాగుంటుంది. మేఘాల చేతులు అని ఒకటి ఉంది, చేతులు ముఖం ముందు గుండ్రంగా తిరుగుతుంటే నడుము తిరుగుతుంది, చూపు చేతి వెంట పోతుంది, కాళ్ళు పక్కకి అడుగులేస్తాయి, అంటే తల తిరుగుతుండగా నిలబడడం చెవికి అలవాటవుతుంది. ఇంట్లో ఎవరో వెనకనుంచి పిలిస్తే గబుక్కున తిరిగి తూలతాం చూడండి, దానికి మందు ఇది. పక్కకి పడితేనే తుంటి ఎముక విరిగే ప్రమాదం ఎక్కువ, అందుకని పక్కకి వేసే అడుగులు నాకు చాలా ముఖ్యం. కోతిని తరుముతూ వెనక్కి నడవడం అని ఇంకొకటి, పేరు విని నవ్వుకోకండి, తలుపు తీస్తూ వెనక్కి జరిగేటప్పుడు పనికొచ్చేది అదే. కోడిపుంజు ఒంటికాలి మీద నిలబడడం కూడా ఉంది, అది మీరు ఇప్పుడే చెయ్యొద్దు, ఎవరైనా చెయ్యమన్నా కుర్చీ పట్టుకుని బొటనవేలు నేలకి ఆనించే ఉంచండి.

పనిచేస్తుందని నమ్మకమేంటి అని మీ వారు అడుగుతారు, అడగాలి కూడా. 2018లో అమెరికాలో ఫూజోంగ్ లీ అనే పరిశోధకుడి బృందం ఒక పెద్ద అధ్యయనం ప్రచురించింది, 70 దాటినవాళ్ళు 670 మంది, అందరూ మీలాగే అంతకుముందు పడ్డవాళ్ళో లేక నడక సరిగ్గా లేనివాళ్ళో. వాళ్ళని మూడు గుంపులు చేసి కొందరికి బ్యాలెన్స్ కోసం తయారుచేసిన తై చీ, కొందరికి నడక బరువులు బ్యాలెన్స్ కలిపిన వ్యాయామం, కొందరికి ఒళ్ళు సాగదీసే వ్యాయామం మాత్రమే నేర్పారు, వారానికి రెండు గంటల చొప్పున 24 వారాలు. తై చీ చేసినవాళ్ళు పడడం సాగదీసే గుంపుతో పోలిస్తే 58 శాతం తక్కువ, కలిపి చేసిన వ్యాయామంతో పోలిస్తే కూడా 31 శాతం తక్కువ. ఇదొక్కటే చూపించి గొప్పలు చెప్పడం నాకిష్టం లేదు, కాబట్టి రెండో వైపు కూడా చెప్తా. 2019లో వైద్య పరిశోధనల్ని పోగేసి తూచి చూసే కొక్రేన్ సంస్థ అన్ని అధ్యయనాలూ కలిపి లెక్క తీస్తే తై చీ వల్ల పడడాలు సుమారు 19 శాతం తగ్గొచ్చని తేలింది, మామూలు బ్యాలెన్స్ వ్యాయామాల వల్ల 24 శాతం, బ్యాలెన్స్‌కి తోడు కండరాల బలానికి చేసే వ్యాయామం కూడా కలిపితే 34 శాతం దాకా. అంటే తై చీ మంత్రం కాదు, మంచి దారుల్లో ఒకటి, దానికి కుర్చీలోంచి లేచి కూర్చోవడం లాంటి తొడల వ్యాయామం తోడైతే ఇంకా మంచిది. మరి నేను తై చీకే ఎందుకు ఓటేస్తున్నానంటే అది మీ ఇంటి పక్కన ఉంది, పదిమందితో కలిసి చేసేది, మానకుండా చేస్తారు. ఎంత గొప్ప వ్యాయామమైనా మూడో వారం మానేస్తే ఏం లాభం.

నడిస్తే చాలా అని అడిగారు. నడక గుండెకి మంచిది, షుగర్‌కి మంచిది, మనసుకి మంచిది, మానొద్దు. కానీ నడక ఒక్కటే పడడాన్ని తగ్గిస్తుందని ఇప్పటిదాకా గట్టి రుజువు లేదు, పైగా బ్యాలెన్స్ బాగాలేనివాళ్ళని వేగంగా నడవమంటే ఎక్కువ పడే ప్రమాదం ఉంది. బ్యాలెన్స్‌ని కదిలించే పని ఏదైనా చెయ్యాలి, అదీ వారానికి మొత్తం మూడు గంటలైనా ఉండాలి. క్లాసు రెండు గంటలనుకుంటే మిగతా గంట ఇంట్లో రోజుకి పది నిమిషాలుగా పంచుకోవచ్చు.

ఇప్పుడు డాక్టర్ సంగతి. పొద్దున లేస్తే కళ్ళు తిరుగుతాయన్నారు, పైగా బీపీ మాత్ర, నిద్ర మాత్ర వేసుకుంటున్నారు. పడుకున్న మనిషి లేచి నిలబడగానే కొందరికి బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డ మూడు నిమిషాల లోపు ఒకసారి చూడమనండి, పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ తగ్గితే అదే కారణం కావచ్చు. కూర్చోబెట్టి ఒక్కసారి చూస్తే ఇది దొరకదు, అందుకని మీరే నోరు తెరిచి అడగండి, మొహమాటపడొద్దు. నిద్ర మాత్ర మత్తు పొద్దున్నదాకా ఉండొచ్చు, పెద్దవాళ్ళు పడడానికి ఈ మాత్రలు తెలిసిన కారణమే, అయినా మీరంతట మీరు ఆపెయ్యకండి, కొన్నింటిని హఠాత్తుగా ఆపితే వేరే ఇబ్బందులొస్తాయి, తగ్గించే దారి ఉందా అని అడగండి, బీపీ మాత్ర కూడా అంతే. మంచం మీద ఇటు నుంచి అటు తిరిగినప్పుడు గది గిర్రున తిరిగినట్టుంటే అది చెవిలోని చిన్న చిన్న రేణువులు చోటు తప్పడం వల్ల కావచ్చు, దానికి తలని ఒక పద్ధతిలో తిప్పి సరిచేస్తారు, చాలాసార్లు ఒకటి రెండు సిట్టింగుల్లో తగ్గిపోతుంది, దాన్ని తై చీతో తగ్గించుకుందామని నెలలు గడపొద్దు. కళ్ళు, షుగర్, బి12 విటమిన్ కూడా అదే చేత్తో చూపించుకోండి. ఛాతీలో నొప్పి, మాట తడబడడం, ఒక పక్క చెయ్యో కాలో బలహీనంగా ఉండడం, ఇవేమైనా కళ్ళు తిరగడంతో పాటు వస్తే మాత్రం అది క్లాసుల సంగతి కాదు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

మోకాళ్ళ గురించి భయపడుతున్నారు, అది సహజం, బొమ్మల్లో తై చీ చేసేవాళ్ళు బాగా కిందికి దిగి కనపడతారు కదా. మీరలా దిగక్కర్లేదు. కుర్చీలో కూర్చోబోయి ఆగిపోయినట్టు కొంచెం వంచితే చాలు, దిగిన లోతు వల్ల కాదు లాభం, బరువు మార్చడం వల్ల. సున్ శైలిలో నిలబడే ఎత్తే ఎక్కువ, ఒక కాలు వెళ్తే రెండోది వెంటనే దగ్గరికి వచ్చేస్తుంది, అందుకే కీళ్ళ నొప్పులవాళ్ళకి నేర్పే తై చీలో ఎక్కువగా అదే తీసుకుంటారు. 2016లో మోకాళ్ళు అరిగిన 204 మంది మీద ఒక అధ్యయనం వచ్చింది, సగం మందికి తై చీ, సగం మందికి ఫిజియోథెరపీ, 12 వారాల తర్వాత చూస్తే రెండింటి లాభం ఇంచుమించు సమానం. ఫిజియో చేసే నేనే చెప్తున్నా, ఆ ఫలితం చూసి నాకు సంతోషమేసింది, ఎందుకంటే ప్రతి ఒక్కరూ వారం వారం మా దగ్గరికి రాలేరు.

మోకాలి విషయంలో రెండే రెండు గుర్తుపెట్టుకోండి. మోకాలు ఎప్పుడూ కాలివేళ్ళు చూసే వైపే చూడాలి, లోపలికి ఒరగకూడదు. పాదం తిప్పాల్సి వచ్చినప్పుడు ముందు ఆ కాలి మీద బరువు తీసేసి అప్పుడు తిప్పాలి, బరువుంచి తిప్పితే మోకాలు మెలిపడుతుంది, తై చీ వల్ల మోకాలు నొప్పొచ్చిందని చెప్పేవాళ్ళల్లో నేను చూసినంతలో ఎక్కువమంది చేసే తప్పు ఇదే. తొడ కండరాలు సలపడం పర్వాలేదు, కీలు లోపల పోటు వస్తే ఆపండి, మర్నాడు కూడా వాపు ఉంటే తర్వాతి క్లాసు కూర్చుని చెయ్యండి, కూర్చుని చేసే తై చీ కూడా నిజంగా ఉంది, అది తక్కువతనమేమీ కాదు. ఏ రోజైనా మీ శక్తిలో 70 శాతం దాకానే చెయ్యమని చాలామంది టీచర్లు చెప్తారు, నాకు నచ్చిన మాట అది, మిగిలిన 30 శాతం ఇంటికి నడిచి వెళ్ళడానికి ఉంచుకోవాలి.

వీడియోలు చూసి చెయ్యొచ్చా అంటే, మొదట్లో వద్దు. వీడియో మీకు కనపడుతుంది గానీ మీరు దానికి కనపడరు, మీ మోకాలు లోపలికి ఒరిగిందని అది చెప్పదు. పైగా తెర వైపు చూడ్డానికి మెడ తిప్పుతారు, కుడి ఎడమలు తారుమారవుతాయి, తూలితే పట్టుకునే మనిషి ఉండరు. ఇంకో కారణం కూడా ఉందమ్మా, మీరు రాసినదాంట్లో ఒంటి బాధ కంటే బయటికి వెళ్ళడం మానేశానన్న బాధ నాకు ఎక్కువ వినపడింది. క్లాసులో మీలా పడ్డవాళ్ళు ఇంకో నలుగురుంటారు, ఎవరూ ఎవర్నీ చూసి నవ్వరు, అందరూ తమ కాళ్ళు చూసుకునే పనిలో ఉంటారు. నేను కూడా ఒక క్లాసులో నేర్చుకున్నా, అక్కడ 80 దాటిన ఒకావిడ మొదటి నెల మొత్తం కుర్చీ వీపు పట్టుకునే చేసింది, రెండో నెల కుర్చీ పక్కనే ఉండేది గానీ పట్టుకునేది కాదు, ఒకరోజు ఆవిడే లేచి కుర్చీని తీసుకెళ్ళి గోడకి ఆనించి వచ్చింది, ఎవరూ చప్పట్లు కొట్టలేదు గానీ అందరం చూశాం.

అయితే క్లాసులన్నీ ఒకేలా ఉండవు, చేరే ముందు ఒకరోజు వెళ్ళి ఊరికే కూర్చుని చూడండి. టీచర్ కొత్తగా వచ్చినవాళ్ళని ఎప్పుడైనా పడ్డారా, ఏం మందులు వాడుతున్నారు అని అడుగుతున్నారా లేదా చూడండి, అడగకపోతే నాకు అనుమానమే. కుర్చీలు దగ్గర్లో ఉన్నాయా, ఒక కదలికకి తేలిక రూపం కూడా చూపిస్తున్నారా, ముందు నిలబడి చేసుకుపోతున్నారా లేక మధ్యమధ్యలో తిరిగి ఒక్కొక్కరి పాదాలు చూస్తున్నారా. పెద్ద పెద్ద వరసలు నేర్పేవాళ్ళే గొప్ప టీచర్లు అనుకోకండి, ఆ 2018 అధ్యయనంలో వాడిన పద్ధతిలో ఉన్నవి ఎనిమిది భంగిమలే, వాటినే తిప్పి తిప్పి రకరకాలుగా చేయించారు. మొత్తం వరస గుర్తుండడం లేదని చాలామంది రెండో వారమే మానేస్తారు, గుర్తుండక్కర్లేదు, పక్కవాళ్ళని చూసి చెయ్యండి, గుర్తుపెట్టుకోవడానికి మీరు పడే తంటా కూడా మెదడుకి వ్యాయామమే. తోసుకునే జంట వ్యాయామాలు, దిగువకి బాగా వంగేవి, గిర్రున తిరిగేవి ఉంటే మీరు పక్కన ఉండండి. ఎముకలు బాగా గుల్లబారాయని ఎప్పుడైనా చెప్పి ఉంటే అది కూడా టీచర్‌కి ముందే చెప్పండి.

కాళ్ళకి మెత్తటి మందపాటి అడుగున్న బూట్లు వద్దు, అవి అరికాలి కబురు పోనివ్వవు. పలచటి, జారని, మడమ వెనక పట్టి ఉన్నవి వేసుకోండి. చెప్పులతో, సాక్సులతో వద్దు. కుచ్చిళ్ళు గానీ పాంటు అంచు గానీ కాళ్ళకి అడ్డం పడకుండా చూసుకోండి.

ఇంట్లో చెయ్యాల్సినది కొంచెమే. వంటగది గట్టు ముందు నిలబడి రెండు చేతుల వేళ్ళూ దానికి ఆనించి, పాదాలు తుంటి వెడల్పులో పెట్టుకుని, బరువు మొత్తం కుడికి, ఒక ఊపిరి ఆగి, మొత్తం ఎడమకి, అలా పదిసార్లు. బరువు నిజంగా వెళ్ళిందా లేదా తెలుసుకోవడానికి ఖాళీ కాలి మడమ కొంచెం ఎత్తి చూడండి, తేలిగ్గా లేస్తే వెళ్ళినట్టు, ఒళ్ళు ఊగితే ఇంకా కొంత అక్కడే మిగిలిందన్నమాట. ఊపిరి బిగబట్టొద్దు. కళ్ళు మూసుకుని చెయ్యడం ఇప్పుడే వద్దు. బాత్‌రూంలో పట్టుకోవడానికి గోడకి కమ్మీ బిగించుకోవడం, రాత్రి దారిలో చిన్న లైటు, నేల మీద జారే కాళ్ళపట్టలు తీసెయ్యడం, ఇవి మీకు తెలిసినవే, ఈ వారంలోనే చేయించెయ్యండి, తై చీ నేర్చుకుంటున్నాం కదా అని వాయిదా వెయ్యొద్దు.

ఎన్నాళ్ళకి తెలుస్తుంది అంటారేమో. మొదటి మూడు వారాలు గజిబిజిగానే ఉంటుంది, చెయ్యి ఒకటి చేస్తే కాలు ఇంకోటి చేస్తుంది. చాలామందికి ముందు తగ్గేది భయం, బలం తర్వాత వస్తుంది, రెండో నెలలో ఎప్పుడో గోడ పట్టుకోకుండా వంటింట్లోంచి హాల్లోకి వచ్చేశామని వచ్చాక గానీ గుర్తుకురాదు. ఆరు నెలలు అనుకుని మొదలుపెట్టండి, పైన చెప్పిన అధ్యయనంలో కూడా 24 వారాలు చేశారు. తర్వాత మానేస్తే మెల్లగా వచ్చినది మెల్లగా పోతుంది కూడా, కాబట్టి నచ్చిన టీచర్ దొరికితే వదలకండి.

మీ వారి గురించి ఒక మాట. ఆయన్ని ఒప్పించడానికి వాదించకండి, మొదటి రోజు తోడు రమ్మనండి, వచ్చినాయన కుర్చీలో కూర్చోకుండా మీ పక్క వరసలో నిలబడమనండి. ఆయన వయసు మీరు రాయలేదు గానీ ఆయనకీ ఇది అవసరమయ్యే ఉంటుంది. మగవాళ్ళు ఈ క్లాసులకి తక్కువగా వస్తారు, పడ్డాక కూడా పడ్డామని చెప్పుకోరు, నాకది చాలా బాధగా ఉంటుంది.

క్లాసు మొదలయ్యే ముందు, కళ్ళు తిరగని రోజు చూసుకుని, మీ అమ్మాయిని పక్కన నిలబెట్టుకుని రెండు లెక్కలు తీయండి. గోడకి ఆనించిన గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు గుండెల మీద పెట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి, మీ వయసు ఆడవాళ్ళకి 11 కంటే తక్కువైతే కాళ్ళలో బలం తగ్గినట్టు, చేతులు వాడకుండా అసలు లేవలేకపోతే సున్నా అని రాసుకోండి, సిగ్గేం లేదు. రెండోది, గట్టు పక్కన నిలబడి ఒక పాదం మడమ రెండో పాదం బొటనవేలికి ఆనేలా ముందూ వెనకా పెట్టి, ఎన్ని సెకన్లు పట్టుకోకుండా నిలబడగలరో చూడండి, పదికి చేరకపోతే పడే ప్రమాదం ఉన్నట్టే లెక్క, ఆ సంగతి టీచర్‌కి, డాక్టర్‌కి ఇద్దరికీ చెప్పండి. రెండు అంకెలూ తేదీ వేసి క్యాలెండర్ మీద రాయండి, 12 వారాలు తిరిగాక అదే కుర్చీ, అదే గట్టు దగ్గర మళ్ళీ తీసి, పాతవీ కొత్తవీ రెండూ నాకు రాసి పంపండి.